మైలేజి దొంగ

"ఛీ, నీ పనితనం తగలెయ్య! మూడోసారి ఇంజను విప్పావు. మూడోసారీ పదమూడున్నరే!"

లీటరు బాబాయ్ తన నోటుపుస్తకాన్ని మెకానిక్ మొహాన కొట్టినంత పని చేశాడు.

వీధివాళ్ళు ఆయనకా పేరు ఊరికే పెట్టలేదు. పదిహేడేళ్ళ నాటి కారు, అందులో పెట్రోలు ముల్లు ఎప్పుడో చచ్చింది. అందుకని ప్రతి ఆదివారం చెల్లెలి ఇంటికి నూట నలభై కిలోమీటర్లు వెళ్ళి, సాయంత్రం తిరిగొచ్చాక టాంకు అంచుదాకా నింపించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తాడు. దారిలో అరవై దాటడు. యాభై కిలోమీటర్లకోసారి ఆగి, బానెట్ మీద చెయ్యి వేసి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు చూస్తాడు. అలాంటి మనిషికి, పద్దెనిమిది ఇచ్చే బండి రెండు నెలలుగా పదమూడున్నర ఇస్తుంటే ఒళ్ళు మండదూ?

"దారిలో వేడెక్కుతోందా సార్?" అన్నాడు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ.

"ఎక్కడ! వేడి ముల్లు సగం దగ్గరే. వెళ్ళేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే."

"మరింకేం? రేడియేటర్ కారడం లేదు, నేను మార్చిన వాల్వూ బాగానే ఉంది. నాకు అంతుపట్టనిది ఒక్కటే. ఈ ప్లగ్గులు చూడండి, ఎంత మసో! రోడ్డుమీద పరిగెత్తే బండికి ఇంత మసి పట్టదు. కదలకుండా నిలబెట్టి, గంటలకొద్దీ ఇంజను ఆన్‌లో ఉంచితే పడుతుంది."

"నేనా? నిలబెట్టా? సిగ్నల్ దగ్గర కూడా ఇంజను ఆపేసే మనిషినయ్యా నేను! నీకు చేతగాక నామీదికి తోస్తావా?"

"పోనీ ఇంట్లో ఇంకెవరైనా తీస్తున్నారేమో?"

"ఎవరు తీస్తారు? తమ్ముడికి వాడి బైకుంది. అయినా ప్రతి ఆదివారం తిరిగొచ్చాక మీటరు రాసుకుని, మళ్ళీ ఆదివారం బయల్దేరేముందు సరిచూస్తాను. ఒక్క కిలోమీటరు తేడా ఉంటే ఒట్టు!"

మెకానిక్ చేతులెత్తేశాడు. బాబాయ్ బంకు మార్చాడు. కొత్త బంకులో కూడా కల్తీ అని కేకలేసి, మూడో బంకు చూసుకున్నాడు. ఎవరో పైపు పెట్టి లాగేస్తున్నారన్న అనుమానంతో టాంకుకు తాళం మూత బిగించాడు. ఆ ఆదివారం కూడా పుస్తకంలో పదమూడున్నరే పడింది.

"ఇంక ఈ దరిద్రాన్ని చూడను. అమ్మేస్తున్నా! వీధి చివర ఫొటో స్టూడియో ఆయన కొంటానన్నాడు, శుక్రవారం వచ్చి తీసుకెళ్తాడు" అని వంటింటి గుమ్మంలో నిలబడి అరిచాడు.

ఆ ఇంట్లో అరవకపోతే ఎవరికీ ఏదీ వినపడదు. మొత్తం ఏడుగురు. హాల్లో చెవులు సరిగ్గా వినపడని తల్లి టీవీ, లోపలి గదిలో తమ్ముడి కవలల ఏడుపు, వరండాలో మరదలి ట్యూషను పిల్లల ఎక్కాలు. ఈ గోలంటే బాబాయ్‌కి పరమ చిరాకు. పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు బస్సెక్కితే సాయంత్రం ఆరైతేగానీ ఇంటి మొహం చూడడు.

భార్య చేతిలో గరిట ఆగిపోయింది. "అమ్మేస్తారా? ఎందుకండీ? ఓ మూల పడుంటుంది, ఉండనివ్వండి."

"పడుండి తాగుతోందే! ఈ తాగుబోతు బండిని నేను మేపలేను."

"పోనీ ఆదివారాలు బస్సులో వెళ్దాం. బండి మాత్రం అమ్మకండి. మీకు దణ్ణం పెడతాను."

ఆమె కళ్ళలో నీళ్ళు చూసి బాబాయ్‌కి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. పదిహేడేళ్ళు దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నది తను. ఏడిస్తే తను ఏడవాలి. మధ్యలో ఈవిడ నటనేమిటి?

"స్టీరింగు ఏ పక్కనుంటుందో కూడా పట్టని దానివి, నీకెందుకే ఇంత బాధ? ఛ! ఇనప ముక్క కోసం ఏడుపొకటి!"

"అక్కయ్యా, పాలు పొంగుతున్నాయి!" అంది మరదలు ఎక్కాల మధ్యలోంచి. ఆమె కళ్ళు తుడుచుకుని పొయ్యివైపు తిరిగింది. శుక్రవారం దాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

శుక్రవారం బాబాయ్ మధ్యాహ్నానికే ఆఫీసునుంచి బయటపడి, స్టూడియో ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటి పక్కసందులో, రేకుల నీడన ఉంటుంది కారు. సందు మలుపు తిరగగానే స్టూడియో ఆయన ఆగాడు.

"నాకు చూపించడానికి ముందే స్టార్ట్ చేసి పెట్టించారా?"

"లేదే!"

బాబాయ్ చెవి రిక్కించాడు. నిజమే, తన బండే. చక్రం కదలకుండా, గుర్రుమంటూ నడుస్తోంది. దగ్గరికెళ్ళి బానెట్ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. కిటికీ అద్దాలకు లోపలినుంచి తువ్వాళ్ళు కట్టి ఉన్నాయి. రెండు నెలల కడుపుమంట ఒక్కసారిగా నెత్తికెక్కింది.

"చూశారా! ఏ వెధవో రోజూ నా పెట్రోలు తగలేసి, ఏసీ కింద కులుకుతున్నాడు! ప్లగ్గులకు మసి ఎందుకు పట్టదూ! పాపం, ఆ మెకానిక్‌ని అనరాని మాటలన్నాను."

"పోలీసులకు ఫోన్ చేద్దామా?"

"ముందు నా చేతి దెబ్బ తిననివ్వండి. తర్వాత పోలీసులు!"

కాలి చెప్పు చేతిలోకి తీసుకుని, వెనక తలుపు పిడి పట్టుకుని, ఒక్క గుంజు గుంజాడు. చల్లటి గాలి మొహానికి కొట్టింది.

లోపల అతని భార్య ఆదమరచి నిద్రపోతోంది.