కంటి మీద రేకు

ఆళ్లగడ్డ బడిలో కంటి శిబిరం పెట్టారు. ఆపరేషన్ అయినవాళ్లు బెంచీలు కలిపి వేసిన పడకల మీద వెల్లకిలా పడుకున్నారు. నిద్రలో చెయ్యి తగిలి కుట్లు తెగకుండా, ఒక్కొక్కరి కంటి మీదా దూది పెట్టి, దానిపైన చిల్లుల రేకు మూత కట్టారు. రాత్రి ఆఖరి నంద్యాల బస్సు పోయాక కరెంటు కూడా పోయింది. నర్సు కృపావతి ఒక్కతే మేలుకొని ఉంది.

గోళ్లతో రేకును గీకుతున్న చప్పుడు వినబడింది. లాంతరు తీసుకుని వెళ్లింది. నల్లమల గూడెం నుంచి వచ్చిన ముసలి మద్దమ్మ దగ్గరికి రాగానే ఆ చప్పుడు ఆగిపోయింది.

"ఏందవ్వా ఇది? గీక్కుంటే చూపు పోతాదని చెప్పలేదా?"

"నేను గీకలేదు తల్లీ."

అందరూ అనే మాటే. కృపావతి విసుక్కుంటూ బ్యాండేజీ గుడ్డతో ఆమె చేతులు రెండూ బెంచీకి కట్టేసింది. శిబిరాల్లో అది మామూలే.

కుర్చీలో కూచుందో లేదో, మళ్లీ అదే చప్పుడు. ఈసారి నింపాదిగా, ఆగి ఆగి.

పోయి చూసింది. చేతుల ముడులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. చప్పుడు మాత్రం ఆగలేదు. కృపావతి రేకు మీద అరచెయ్యి అదిమింది. ఆ గీకుడు రేకు లోపలివైపు నుంచి ఆమె అరచేతికి తగిలింది.

కుట్లు తెగాయేమో, విప్పి చూడక తప్పదు. రేకు ముడి పట్టుకుంది.

"విప్పొద్దు తల్లీ," అంది మద్దమ్మ మెల్లగా. "అది బయటికి రాకూడదనే గదా మీరు రేకు కట్టింది?"