నలభై రెండు డిగ్రీలు

మెంథాల్ నలభై రెండు డిగ్రీల దగ్గర కరుగుతుంది. బర్మాలోని తన్లిన్ ఊళ్లో మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో జూలియట్ రోజూ పరీక్షించి చూసేది అదే. పెళ్లైన వారానికే ఆమె భర్త కెల్విన్ మెంథాల్ నింపిన సన్నటి గాజుగొట్టాన్ని గుప్పిట్లో బిగించి, "నా చేతి వేడికి కరగదేటే, జూలీ?" అన్నాడు.

"నీ చేతికి కరిగిపోడానికి అది నేనేటి, కో కెల్విన్?" అని, మర్యాదకు 'కో' చేర్చి పిలుస్తూనే ఆమె పకపకా నవ్వింది.

ఈ సాయంత్రం అతను సైనిక పాలన మీద నిరసన ఊరేగింపుకని వంతెన దాటి యాంగోన్ వెళ్లాడు. వెనకాలే వంతెన మూసేశారు. ఫోన్లు ఆగిపోయాయి. కర్ఫ్యూలో ఆమె ల్యాబ్‌లోనే చిక్కుకుపోయింది. ఎనిమిదింటికి చెడును తరమడానికి ఊరంతా గిన్నెలు మోగించింది. ఆ తర్వాత చప్పుడు లేదు. కరెంటూ పోయింది.

టార్చి వేస్తే, చల్లారిన యంత్రంలో పొద్దున పెట్టిన గొట్టం కనిపించింది. అందులో ఎప్పుడో గడ్డకట్టాల్సిన మెంథాల్ ఇంకా నీరులా కరిగి ఉంది. తీసి పట్టుకుంటే, ఎవరో ఇప్పుడే గుప్పిట విప్పినంత వెచ్చగా తగిలింది.

"కో కెల్విన్?"

గొట్టం అడుగున తెల్లటి సూదులు మొలవసాగాయి. వేడి పోతోంది. జూలియట్ దాన్ని రెండు చేతుల్లో గట్టిగా మూసింది. ముప్పై ఏడు డిగ్రీల మనిషి వేడి చాలదని ఆమెకు తెలుసు. అయినా చేతులు విప్పలేదు.