పొద్దు కుంకేదాకా

"లేవురా. కూసుంటే కాళ్ళు పట్టేస్తయ్. ఇంకొక్క రౌండ్," అంటూ కరుణాకర్ అకీల్ చెయ్యి పట్టి లేపాడు.

మధ్యాహ్నం రెండు దాటింది. కొడకండ్ల హైస్కూలు గ్రౌండులో సున్నంతో గీసిన గీత వెంట పొద్దు పొడిచినప్పటి నుంచి పరుగు సాగుతూనే ఉంది. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సుల్లేవు, బడుల్లేవు. రాష్ట్రం కోసం పొద్దు కుంకేదాకా పరుగెత్తాలని విద్యార్థి సంఘం పిలుపిస్తే నలభై మంది వచ్చారు. ఇప్పుడు పదకొండు మంది మిగిలారు. అందులో ముగ్గురు డిగ్రీలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు: కరుణాకర్, అకీల్, నెల్లికుదురు దగ్గరి తండా నుంచి వచ్చిన జైసింగ్.

అకీల్ ఉత్త కాళ్ళతో పరుగెత్తుతున్నాడు. జైసింగ్ చెప్పులతో వచ్చాడని పొద్దున్నే తన బూట్లు విప్పి ఇచ్చేశాడు.

"మరి నీకు?" అని జైసింగ్ అడిగితే, "నాకొద్దు తియ్. నువ్వే ఉంచుకో," అన్నాడు.

ఇప్పుడతని మడమలు పగిలి సున్నపు గీత మీద ఎర్రటి మరకలు పడుతున్నాయి.

"నేను పోతరా," అన్నాడు అకీల్ రొప్పుతూ. "జర పనుంది."

"ఏం పని?"

"చిన్న పనే."

"పొద్దు కుంకినంక చేస్కో. ముగ్గురం కలిసి ఉరుకుతమని మాటిచ్చినవ్."

అకీల్ మళ్ళీ గీత వెంట కాళ్ళు కదిపాడు. మహబూబాబాద్‌లో రైలు ఆపిన కేసులో అతని పేరుంది. నాలుగు నెలలుగా వాళ్ళింట్లో వీళ్ళింట్లో తలదాచుకుని మొన్ననే ఇల్లు చేరాడు. మునుపు నోరు తెరిస్తే నవ్వించేవాడు. ఇప్పుడు పది మాటలకు ఒకటి బదులిస్తున్నాడు.

ఇంకో రెండు చుట్లు తిరిగాక అతనే అడిగాడు.

"తెలంగాణ వస్తదంటవా?"

"వస్తది."

"గట్లనే అనుకుంట ఎందరు పోయిండ్రురా! సరే, చూసేటోళ్ళు చూస్తరు తియ్."

"నువ్వూ చూస్తవ్," అన్నాడు కరుణాకర్. ఆ మాట అవసరానికి మించి గట్టిగా వచ్చింది. పక్కన పరుగెత్తుతున్న జైసింగ్ తిరిగి చూశాడు.

నాలుగింటికి అకీల్ బోర్లా పడిపోయాడు. జైసింగ్ పరుగున వచ్చి అతని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. "చాలురా. ఇంటికి తీస్కపోదాం."

"వద్దు." కరుణాకర్ సీసాలోని నీళ్ళు అకీల్ ముఖాన చల్లాడు. "ఉరకకుంటే నడుస్తడు. గ్రౌండ్ మాత్రం ఇడిచేది లేదు."

"పాణం తీస్తవా ఏందిరా వానిది?"

కరుణాకర్ వంగి అకీల్ చేతిని తన మెడ చుట్టూ వేసుకుని లేపాడు. జైసింగ్ కోపంగా గ్రౌండు అంచున జనం కోసం వేసిన టెంటు దగ్గరికి నడిచాడు. అక్కడ అకీల్ తల్లి నఫీసా బేగం పొద్దుటి నుంచీ కూర్చునే ఉంది. మంచినీళ్ళు ముంచి ఇవ్వడానికని వచ్చింది గానీ, కొడుకు మీది నుంచి చూపు తిప్పింది లేదు.

"అమ్మీ, నువ్వన్న చెప్పు. వాడు సచ్చేటట్టున్నడు."

ఆమె కొడుకు కాళ్ళ వంక చూసింది. బుర్ఖా అంచును నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఉరకనియ్యి," అంది.

పక్కనున్న ఆడవాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. ఏం తల్లి ఈమె అని ఒకామె గొణిగింది కూడా.

ఐదున్నరకి ఏడుగురే మిగిలారు. ముగ్గురు స్నేహితులు పరుగెత్తడం లేదు, ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. ఒకసారి అకీల్ గేటు వైపు మళ్ళబోతే కరుణాకర్ భుజం పట్టి గీత మీదికి లాగాడు. జనం చప్పట్లు కొట్టారు. దోస్తానా అంటే గట్లుండాలె అన్నారెవరో.

పొద్దు కుంకింది. విజిల్ మోగింది. జై తెలంగాణ అని గ్రౌండంతా అరుస్తుండగానే గేటు ముందు జీపు ఆగింది. ఎస్సై, నలుగురు కానిస్టేబుళ్ళు జనాన్ని తోసుకుంటూ నేరుగా అకీల్ దగ్గరికి వచ్చారు. పారిపోవడానికి అతని కాళ్ళలో ఏమీ మిగల్లేదు.

ఎస్సై కరుణాకర్ భుజం తట్టాడు. "చెప్పినట్టే ఆరింటి దాకా ఆపి పెట్టినవ్. మాట మీద నిలవడ్డవ్."



అకీల్ స్నేహితుణ్ణి చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు. "నువ్వారా?" అన్నాడు అంతే. జీపు ఎక్కేదాకా మళ్ళీ తల తిప్పలేదు.

జైసింగ్ కరుణాకర్ కాలర్ పట్టుకున్నాడు. "కానిస్టేబుల్ నౌకరికి దరఖాస్తు పెట్టినవ్ గదా! గందుకే అమ్ముకున్నవా వాణ్ణి?"

 జైసింగ్ అతని ముఖాన ఉమ్మేసి వెళ్ళిపోయాడు. ఎవరో మట్టిపెళ్ళ విసిరారు. అది వీపుకు తగిలినా అతను కదల్లేదు. చూస్తుండగానే గ్రౌండు ఖాళీ అయింది. కరుణాకర్ సున్నపు గీత మీదే కూలబడి మోకాళ్ళలో తల దాచుకున్నాడు.

కాసేపటికి నఫీసా బేగం వచ్చి పక్కన కూర్చుంది. బుర్ఖా అంచుతో అతని ముఖం తుడిచింది.

"వాడు ఇగ జన్మల నా ముఖం చూడడమ్మీ," అన్నాడు కరుణాకర్ వెక్కుతూ.

"చూడకుంటే చూడకపాయె బేటా. జైల్ల పాణంతోనన్న ఉంటడు," అందామె.

తెలంగాణ కోసం చస్తున్నానని కొడుకు రాసి దిండు కింద పెట్టిన ఉత్తరాన్ని ఆ పొద్దున అతని చేతిలో పెట్టింది ఆమే.