చెయ్యి తగిలిన మట్టి

సర్దార్‌బీకి మొగుడి మీద ఒకటే ఫిర్యాదు. పీరు ముక్కూ మొహం తెలియని వాళ్లందరినీ నమ్ముతాడు, ముప్పై ఏళ్లుగా తెలిసిన పెళ్లాన్ని తప్ప.

మేడ మీద గది కూడా ఆమెకి చెప్పకుండానే అద్దెకిచ్చేశాడు.

"ఎవరంట?"

"ఆదెమ్మ గారని. ఒక్కరే. మట్టి పరీక్షలు చేస్తారంట."

"వినుకొండలో మట్టికేం రోగం?"

"ఏమో, పెద్ద చదువులు."

"చూశావా, అడగనే లేదు!"

ఆదెమ్మకి యాభై దాటాయి. పొద్దున్నే ఆటోలో పోయి, మిరప కూడా మొలవని చవుడు నేలల్లోంచి మట్టి తెచ్చుకునేది. తలుపేసుకుని కాల్చేది.

ఆదివారాలు కూడా ఆమె కోసం ఎవరూ వచ్చేవాళ్లు కాదు. గదిలోంచి అప్పుడప్పుడూ దగ్గు తప్ప మనిషి చప్పుడు ఉండేది కాదు.

పాపమని సర్దార్‌బీ టీ పట్టుకెళితే గడప దగ్గరే ఆపేసింది.

"లోపలికి రాకండమ్మా. తినేవీ తాగేవీ ఏమీ తేకండి."

సర్దార్‌బీ పట్టుకున్న గొళ్లేన్ని అప్పటికప్పుడు స్పిరిట్‌తో తుడిచింది.

"మనం ముట్టుకుంటే మైల" కిందకొచ్చి చెప్పింది సర్దార్‌బీ.

"ఛ, ఈ రోజుల్లో కూడానా?"

"మైలకి క్యాలెండరెక్కడిది?"

అది 2008 మే నెల. ఓ మధ్యాహ్నం గాలివాన లేచింది.

డాబా మీద మిరపకాయలు ఎత్తడానికి పరిగెత్తిన సర్దార్‌బీకి, ఆదెమ్మ గది కిటికీ బార్లా తెరుచుకుని కనిపించింది. ఆమె లేదు. బల్ల మీద పన్నెండు గాజు పళ్లేల్లో మట్టి. జల్లు కొడుతోంది.

మనసొప్పలేదు. మారు తాళం తెచ్చి, కిటికీ మూసి, పళ్లేలన్నీ మూలకి జరిపింది. ఒలికిన మట్టి చేత్తోనే ఎత్తి పోసింది.

సాయంత్రం ఆదెమ్మ వచ్చి చూసింది. ఒక్కో పళ్లెం తెచ్చి కొబ్బరిచెట్టు మొదట్లో కుమ్మరించింది.

"అయ్యో, తడవలేదుగా! పారబోస్తారేంటి?"

"మీ చెయ్యి తగిలిందమ్మా. ఇక పనికిరావు."

సర్దార్‌బీ మొహం మాడిపోయింది.

"అయితే మా ఇల్లూ మీకు పనికిరాదు. పొద్దున్నే ఖాళీ చెయ్యండి."

"అది కాదమ్మా, నేననేది..."

"మేం ముట్టుకున్నామని పారబోశారా, లేదా?"

ఆదెమ్మ నోరు తెరిచింది. చేతిలోని ఖాళీ పళ్లెం చూసి, ఎందుకో ఆగిపోయింది.

"ఒక్క వారం ఆగుతారా?" అంది చివరికి. "మళ్లీ మొదటి నుంచీ చెయ్యాలి."

"ఆగను."

పొద్దున ఆటో వచ్చింది. పీరు సామాను ఎక్కించాడు. సర్దార్‌బీ వంటింట్లోంచి రాలేదు.

ఆగస్టులో ఇమ్మానియేలని ఒకాయన వచ్చాడు. ఆదెమ్మ తమ్ముడట. అక్క మర్చిపోయిన పెట్టె కోసం.

"తీసుకెళ్లండి. మేమెవరం ముట్టుకోలేదులే" అంది సర్దార్‌బీ.

అతనికి అర్థం కాలేదు. పీరు జరిగిందంతా చెప్పాడు.

"ఆ పరీక్షలు అంగారకుడి మట్టి కోసమమ్మా" అన్నాడు ఇమ్మానియేలు. "అక్కడ యంత్రం దిగి మట్టి కాల్చి చూస్తోంది, జీవం గుర్తులున్నాయేమోనని. దాన్ని ఇక్కడి చవుడుతో పోల్చాలి. చేతి జిడ్డు రవ్వంత అంటినా, ఏమీ లేని మట్టిలో ఏదో ఉన్నట్టు చూపిస్తుందంట. అక్క తన చెయ్యి కూడా తగలనిచ్చేది కాదు."

"మరి ఆ పరీక్షలు?"

"టైముకి అందలేదు. ఆ పరిశోధనలోంచి అక్క పేరు తీసేశారు. ఇప్పుడు లడఖ్‌లో మట్టి ఏరుకుంటోంది, ఒక్కతే. ఫోన్ కూడా దొరకదు."

"ఆ మాట చెప్పొచ్చుగా! నేనేమో మైల పాటిస్తోందని..."

"మా అక్కా?" ఇమ్మానియేలు పెట్టె కింద పెట్టాడు. "రెండో తరగతిలో మంచినీళ్ల కుండ ముట్టుకుందని, తన ఎదురుగానే నీళ్లన్నీ పారబోశారమ్మా."



"తప్పు నాది" అంది సర్దార్‌బీ, పైకే. "ఆ పిల్లనే మళ్లీ గెంటేశాను."