కొమ్ము లేని ఖడ్గమృగం

"చేసి చూపించకు నాయనా, నోటితో చెప్పు" అంది ముసలావిడ.

జూలో ఖడ్గమృగం బాగోగులు చూసే కాపరికి ఒళ్ళు మండింది. తను ముద్దుగా మొద్దుగాడని పిలుచుకునే ఆ జంతువు ఎలా పడుకుంటుందో భుజం వాల్చి మరీ చూపిస్తుంటే, ఆవిడ మొహం అటెటో తిప్పుకుని కూర్చుంది.

రోజూ ఇదే వరస. ఉదయాన్నే ఆవిడను కారు డ్రైవరు చెయ్యి పట్టుకుని తెచ్చి ఎదుటి బెంచీ మీద కూర్చోబెడతాడు. ఆవిడ ఆరాలు మొదలవుతాయి.

"ఊపిరి తీస్తే ముందు ఎక్కడ లేస్తుంది?"

"పొట్ట దగ్గరమ్మా. అక్కణ్ణించి వీపంతా పాకుతుంది."

"బరువంతా ఎటు వేస్తాడు?"

"నా మీదే. పందొమ్మిదేళ్ళుగా మోస్తున్నాను."

"మరి కొమ్ము?"

"కొమ్ము అందరూ చూసేదే. చెవి వెనక తాకాలి, పసిపిల్ల బుగ్గే."

విసుక్కుంటూనే అన్నీ చెప్పేవాడు. మొద్దుగాడి గురించి అంతగా అడిగే మనిషి లోకంలో ఇంకొకరు లేరు మరి. ముసలితనంతో వాడు మేత మానేశాడు. పోతే వాడొకడుండేవాడని ఎవరికి గుర్తుంటుందన్నదే కాపరి బెంగ.

వాడు పోయిన రోజు కూడా ఆవిడ వచ్చింది.

"చివరికి ఎటు ఒరిగాడు నాయనా?"

అతనికి దుఃఖమూ కోపమూ ఒక్కసారే పొంగాయి.

"ఆర్నెల్లుగా వస్తున్నారు. ఏనాడైనా వాణ్ణి కళ్ళారా చూశారా? ఇప్పుడెందుకమ్మా?"

ఆవిడ డ్రైవరు చెయ్యి అందుకుని లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఏడాది తర్వాత లారీలో చెక్కిన నల్లరాయి ఒకటి వచ్చింది. కాళ్ళు లేవు, కళ్ళు లేవు, కొమ్ము అసలే లేదు. ఇదేం జంతువని కూలీలు నవ్వుకున్నారు.

కాపరి మాత్రం కొయ్యబారిపోయాడు. పొట్ట దగ్గర లేచి వీపంతా పాకిన వంపు. ఎవరి మీదో వాలినట్టు ఒక పక్కకు ఒరిగిన బరువు. మొద్దుగాడే. ఊపిరి వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గాడు. చెయ్యి దానంతటదే చెవి ఉండాల్సిన చోటికి పోయింది. రాయంతా గరుకే, అక్కడ మాత్రం నున్నగా తగిలింది. గుడిలో నిలబడ్డట్టు ఒళ్ళు జలదరించింది.

"ఎవరు చేశారిది?"

లారీ వెంట వచ్చిన పాత డ్రైవరు దగ్గరికొచ్చాడు.

"మా అమ్మగారే. ఆవిడ చెక్కిన జంతువుల కోసం పెద్ద పెద్ద మ్యూజియాలు కాచుకుని ఉండేవి. పోయిన నెల కాలం చేశారు. దీన్ని ఇక్కడే పెట్టాలని రాసిపోయారు."

"ఒక్కసారైనా తేరిపార చూడకుండా, ఇంత అచ్చంగా ఎలా చేశారయ్యా?"

"మీరు చెప్పారుగా" అన్నాడు డ్రైవరు. "అమ్మగారికి చూపు పోయి తొమ్మిదేళ్ళయింది."