తప్పు వాయించినోడు

“ఆ పొట్టోడు తప్పు వాయించిండు. అందుకే నిలబెట్టిండ్రు,” అన్నడు బాలస్వామి.

వనపర్తి గ్రౌండ్ల పట్నం జాజ్ బ్యాండు వాయిస్తున్నది. ఇరవై మంది కోట్లేసుకొని కుర్చీలల్ల కూసున్నరు. పొట్టోడొక్కడే లేచి సాక్సోఫోన్ ఊదుతుండు.

ముప్పై ఏండ్ల సంది పెండ్లిళ్లకు బ్యాండు నడిపిస్తున్నడు బాలస్వామి. తప్పు ఆయన చెవి దాటిపోదు. పక్కన అల్లుడు జయపాల్ తలకాయ వంచుకున్నడు.

పొట్టోడు కూసున్నడు. జనం చప్పట్లు కొట్టిండ్రు. ఇంకోడు లేచిండు.

“వీడు గూడనా! పాట ఇడిసిపెట్టి ఎటో పోతుండు. తప్పుకు చప్పట్లేంది?”

“తప్పు గాదు మామా. ఒక్కొక్కలు లేచి మనసుకు తోచింది వాయిస్తరు. మిగిలినోళ్లు తోడుంటరు. గదే వీళ్ల పద్ధతి.”

బాలస్వామికి పాత సంగతి యాదికొచ్చింది. పోయిన మాఘంల శ్రీరంగాపూర్ బారాత్‌ల జయపాల్ గట్లనే పాట ఇడిసి క్లారినెట్ ఊదిండు. పెండ్లికొడుకు గుర్రం నడి బజార్ల ఆగిపోయింది. ఎంత కొట్టినా కదల్లె. ఆ దినమే అల్లున్ని బ్యాండ్లకెళ్లి తీసేసిండు.

మల్ల చప్పట్లు.

“ఆదివారం బిజినేపల్లిల పెండ్లి ఉన్నది. క్లారినెట్ తీస్కొని రా,” అన్నడు బాలస్వామి.

“మల్ల గుర్రం నిలబడితే?”

“నిలబడనీ అల్లుడా. అది ఇననీకె నిలబడ్డది. నాకే తెల్వకపాయె.”