బొమ్మ ఉంది, మాట లేదు

పాతవాడుకరి నుంచి మళ్ళీ ఫిర్యాదు వచ్చింది. డ్రైవరుగారు కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు.

ఆయన నడిపేది బస్సు కాదు. కెమెరా, మైకు, స్పీకరు లినక్స్ కంప్యూటరు మాట వినేలా చేసే ప్రోగ్రాములు రాస్తారు. వాటినీ డ్రైవర్లే అంటారు. ఊరికే ఇస్తారు, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. ఈ సంగతి ఓసారి పక్కవాటా ఆయనకి వివరంగా చెబితే, అంతా విని "ఏ రూటండీ?" అన్నాడు. అప్పట్నుంచీ ఆ మెట్ల మీద ఎదురుపడ్డ ప్రతివాడికీ ఈయన డ్రైవరుగారే.

పాతవాడుకరి ఎవరో తెలీదు. ఇంటర్నెట్‌లో ఫిర్యాదుల పేజీలో పెట్టుకున్న పేరు, అంతే. ఫిర్యాదు మాత్రం స్పష్టంగా ఉంది.

"బొమ్మ కనిపిస్తోంది, కదలదు. నేనేం మాట్లాడినా అవతలికి చేరదు. అప్పుడప్పుడూ సన్నటి మూలుగు తప్ప తిరుగు శబ్దం లేదు."

డ్రైవరుగారి మనసు వెన్నలా కరిగిపోయింది. "మీ ఇబ్బందికి మన్నించండి సార్. మొదట్నుంచీ ఇంతేనా?"

"కాదు. కొత్తలో చక్కగా పనిచేసేది."

"మధ్యలో మీరేమైనా మార్చారా?"

"నేనేం మార్చలేదు. దానంతటదే మారింది."

"కొన్నాళ్ళు ఆపేసి, మళ్ళీ మొదలుపెట్టి చూశారా?"

"చూశాను. ఆపేసిన సంగతే దానికి తెలిసినట్టు లేదు."

"అదీ! నిద్రలోకి జారుకుని లేవడం మర్చిపోతోంది," అని డ్రైవరుగారు తొడ చరుచుకున్నారు.

ఇంతలో భార్య ఆఫీసు సంచి భుజాన తగిలించుకుని వచ్చింది. "ఏమండీ, సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నాను."

"చూస్తున్నావుగా? ఇక్కడ పాపం ఓ పెద్దాయన గొంతు చించుకుంటున్నా అవతలివాళ్ళకి వినిపించడం లేదట. నీకు అన్నీ తొందరే."

"అయ్యో పాపం," అంది భార్య.

"ఎంత ఓపికో! విసుక్కోడు, కసురుకోడు. అలాంటి మనిషికి సాయం చేయకపోతే నా చదువు తగలెయ్యనా?"

ఆవిడ ఒక్కర్తే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. డాక్టరు ఏమన్నాడో ఈయన అడగలేదు. అడిగే తీరికెక్కడిది? మైకుని నిద్ర లేపే పనిలో తలమునకలై ఉన్నారు.

వారం తిరిగేలోపు కొత్త డ్రైవరు తయారైంది. దేశదేశాల ప్రోగ్రామర్లు భేష్ అన్నారు. పాతవాడుకరి మాత్రం అనలేదు.

"తేడా లేదు. ఇక నా వల్ల కాదు. దీన్ని వదిలేసి నా దారి నేను చూసుకుంటాను."

డ్రైవరుగారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. గబగబా టైపు చేశారు. "సార్, తొందరపడకండి! ఇన్నాళ్ళూ భరించారు, ఇంకొక్క అవకాశం ఇవ్వండి. దాన్ని బాగుచేసే పూచీ నాది. ఎక్కడ కొన్నారు, తయారీ ఎవరిది, ఆ రెండు ముక్కలూ చెప్పండి చాలు."

పంపేసి, తెరకేసి కళ్ళప్పగించి కూర్చున్నారు.

జవాబు తెర మీదికి రాలేదు, సూట్‌కేసు పట్టుకుని ఆయన వెనకే నిలబడ్డ భార్య నోట్లోంచి వచ్చింది: "కొన్నది కాదండీ, తయారీ మా అత్తగారిది, ఇదిగో ఈ కుర్చీలోనే ఉంది."